ఒరిజినల్ బావ, కొసరు ప్లేటు

మా బావని వీధిలో అందరూ ‘ఒరిజినల్’ అంటారు. మొహం మీద అనరు, వెనకాల అంటారు. మొహం మీద అన్నా పొగిడారనే అనుకుంటాడు, అంత తెలివి.

అతనిది కళ్ళజోళ్ళ దుకాణం, నాది పక్కనే కుట్టు దుకాణం. రెంటికీ మధ్య ఉన్నది పల్చటి చెక్క గోడ. అతను రోజంతా వాగేది నేను మిషను తొక్కుతూ వినక తప్పదు. అద్దాలు చెప్పిన రోజుకి ఎప్పుడూ రావు గానీ ఉపన్యాసం మాత్రం అడక్కుండానే అప్పటికప్పుడు దొరుకుతుంది. దగ్గరి అక్షరాలు కనపడటం లేదని వచ్చిన ముసలాయనకి కూడా రికార్డుల గురించే చెబుతాడు. శాస్త్రీయ సంగీతం రికార్డు మొదటిసారి బజారులోకి వచ్చినప్పుడు తీసిన ప్రతులు ఒరిజినల్ ప్రెస్సింగులు. ఆ తర్వాత ఎన్నేళ్ళకో కంపెనీ వాళ్ళు మళ్ళీ తీసి అమ్మేవి రీఇష్యూలు. ఒరిజినల్‌లో పాడేవాళ్ళ ఊపిరి వినిపిస్తుందట, రీఇష్యూలో శవం లేచి పాడినట్టు ఉంటుందట. ముసలాయన తల ఊపుతాడు. పాపం, కళ్ళజోడు చేతికొచ్చేదాకా ఊపాలి కదా.

ఇంట్లో ముందు గది మొత్తం రికార్డులదే. నేల నుంచి కప్పు దాకా అల్మరాలు, మధ్యలో రికార్డులు తిప్పే మిషను, దాని ఎదురుగా ఒకే ఒక్క కుర్చీ. అక్క మంచం నడవలో ఉంటుంది, ఎందుకంటే మంచం రికార్డు కాదు. దుమ్ము వస్తుందని కిటికీలు తెరవకూడదు. రికార్డు తిరుగుతున్నప్పుడు ఫ్యాన్ వెయ్యకూడదు, దాని చప్పుడు చెవికి అడ్డమట. ఎండాకాలంలో మా అక్క ఆ గుమ్మం దగ్గర చెమటలు కక్కుతూ టీ కప్పు పట్టుకుని నిలబడేది, అతను ఎప్పుడు తలెత్తుతాడా అని.

అంత చేసి వినేదేమైనా ఉందా అంటే అదీ లేదు. ఒక రికార్డు పెడతాడు, కాసేపు వింటాడు, ముల్లు ఎత్తేస్తాడు. అదే పాట ఉన్న ఇంకో రికార్డు తెచ్చి అదే ముక్క వింటాడు. “చూశావా?” అంటాడు. ఏం చూడాలో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత దుకాణంలోంచి తెచ్చుకున్న భూతద్దం కంటికి బిగించుకుని, పాట అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే నున్నటి జాగాలో ఫ్యాక్టరీ వాళ్ళు చేత్తో గీకిన నంబరు చదువుతాడు. నంబరు నచ్చితే పాట నచ్చినట్టే. ఇన్నేళ్ళ కాపురంలో అతను ఒక్క పాట చివరిదాకా విన్న పాపాన పోలేదని అక్క చెబుతుంది. అక్క అబద్ధం ఆడే మనిషి కాదు. ఒకే ఒక్క విషయంలో ఆడింది, అదీ ఇతగాడి పుణ్యమే, చెబుతాను.

మా నాన్న వయొలిన్ వాయించేవాడు. పెద్ద పేరున్నవాడేం కాదు, పేరున్న ఒక గాయని పక్కన కూర్చుని వాయించేవాడు. ఆవిడ పాడిన రికార్డు ఒక్కదాంట్లోనే ఆయన వాయింపు ఉంది. నేను పుట్టిన ఏడే పోయాడు కాబట్టి నాకు తండ్రంటే ఆ రికార్డే. అమ్మ దాన్ని ప్లేటు అనేది.

ఆ ప్లేటుకి ఒక కథ ఉంది. రికార్డు బజారులోకి వదలకముందు, పాడినవాళ్ళూ వాయించినవాళ్ళూ ఒకసారి విని చూసుకోవడానికి కంపెనీ కొన్ని ప్రతులు పంపిందట. వాటి లేబుల్ మీద అచ్చు ఏమీ ఉండదు, ఉత్త తెల్ల కాగితం. అందులో రెండో వైపు, గాయని పాట ఎత్తుకునే ముందు, నాన్న చాలాసేపు ఒక్కడే వాయించాడు. విన్నాక కంపెనీ వాళ్ళు అంతసేపు వయొలిన్ ఎవరు వింటారని ఆ ముక్క కోసేసి అమ్మకానికి పెట్టారు. బజారులో దొరికే రికార్డులో నాన్న ఆవిడ గొంతు వెనక నీడలా ఉంటాడు, అంతే. ఆయన ఒక్కడే వాయించినది మా ఇంటి తెల్ల లేబుల్ ప్లేటులోనే ఉండేది.

అమ్మ లాండ్రీలో ఇస్త్రీ చేసేది. పొద్దుటి నుంచీ బరువైన పెట్టె పట్టిన చెయ్యి సాయంత్రానికి వణికేది. ఆ వణికే చేత్తోనే ముల్లుని ప్లేటు మొదట్లో ఉండే ఉత్త రొద దాటించి, సరిగ్గా నాన్న మొదలెట్టే చోట దించేది. ఒక్కోసారి గురి తప్పి ముల్లు ఠక్కున పడేది. అలా పడీ పడీ అక్కడ గాట్లు పడ్డాయి. నాన్న వాయించే ముందు ఒక టిక్కు, కాసేపాగి దగ్గర దగ్గరగా రెండు, మళ్ళీ ఒకటి వినిపించేవి. అవి కూడా నాన్న వాయించినవే అనుకుంటూ పెరిగాం మేమిద్దరం.

బావ సంబంధం వచ్చింది కూడా ఆ రికార్డు వల్లే. అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉన్న నాన్న పేరు చదివి, ఆయన కూతురు పెళ్ళికుందని ఎవరో చెబితే వచ్చాడు. వచ్చి అక్క ఏం చదివిందని అడగలేదు, ఏం చేస్తుందని అడగలేదు. “ఆ రికార్డు ఇంట్లో ఉందా అండీ?” అని అడిగాడు. అమ్మ పొంగిపోయింది. ఆయన విలువ తెలిసిన అల్లుడు దొరికాడని చుట్టుపక్కల అందరికీ చెప్పుకుంది. అక్క కూడా మురిసిపోయింది, ఎందుకు దాచాలి. పెళ్ళయిన వారంలోనే అమ్మ ప్లేటుని ఉతికిన గుడ్డలో చుట్టి తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

అతను దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి భూతద్దం పెట్టాడు. లేబుల్ మీద అచ్చు లేదు. నున్నటి జాగాలో గీకిన నంబరు పక్కన, అతను ప్రాణంలా చూసుకునే రికార్డు నంబర్ల పుస్తకంలో లేని అక్షరం ఏదో ఉంది. మిషను మీద పెట్టి నాన్న వాయింపు మొదలు కాగానే ముల్లు ఎత్తేశాడు.

“ఇది నకిలీ అత్తయ్యా. ఎవరో ఇంట్లో కూర్చుని అతికించి చేసింది. ఒరిజినల్‌లో లేని వయొలిన్ దీంట్లోకి ఎలా వస్తుంది?” అన్నాడు.

అమ్మ కంపెనీ సంగతి మొత్తం చెప్పింది. “వాయించింది ఆయనే బాబూ. నా ఎదురుగానే కదా సాధన చేశాడు” అంది.

“ఇంట్లోవాళ్ళ మాట ఆధారం కాదత్తయ్యా. రికార్డు చెప్పిందే ఆధారం.”

అమ్మ అతని చేతిలో ఉన్న రికార్డు వంక చూసింది. ఆవిడ చెబుతున్నది ఆ రికార్డు గురించే. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాడితో ఎవరు వాదిస్తారు?

కొన్ని నెలల తర్వాత అతనికి ఒక పాత సామాన్ల కొట్టులో ఆ గాయని రికార్డు ఒరిజినల్ ప్రెస్సింగు దొరికింది. కొట్టువాడు బేరం తెగనివ్వలేదు, పైన ఇంకేదైనా ఇమ్మన్నాడు. ఇతను ఇంటికొచ్చి తెల్ల లేబుల్ ప్లేటు పట్టుకెళ్ళి కొసరుగా పడేసి, ఒరిజినల్‌ని చంటిపిల్లలా ఎత్తుకుని వచ్చాడు. వెన్న చేతిలో పెట్టుకుని నేతికోసం ఊరంతా తిరిగినట్టు అంటారు. వీడు ఇంకో మెట్టు ఎక్కాడు, ఆ వెన్నని నెయ్యి అమ్మేవాడికే కొసరిచ్చి వచ్చాడు.

ప్లేటు ఏదని అక్క అడిగితే దాపరికం లేకుండానే చెప్పాడు. తప్పు చేశానన్న ఊహ ఉంటే కదా దాచడానికి. అక్క పరుగున ఆ కొట్టుకి వెళ్ళింది గానీ అప్పటికే ఎవరో కొనుక్కుపోయారు. ఆ తర్వాత అమ్మ ఎప్పుడొచ్చినా, ఒకసారి ప్లేటు పెట్టవే, వినిపోతాను అనేది. మిషను రిపేరులో ఉందమ్మా అనేది అక్క. ఆ మిషను మా అమ్మ పోయేదాకా రిపేరులోనే ఉంది.

అప్పటికి మా అక్క ఆడిన అబద్ధం అదొక్కటే. ఉన్నమాట చెబుతున్నాను, అప్పటి నుంచి బావంటే నాకు కోపం కూడా లేదు, అసహ్యం. కోపం మనుషుల మీద వస్తుంది. గోడకి చెవులుంటాయంటారు, కానీ ఇంత డబ్బు తగలేసి చెవులు పెంచుకున్న గోడని నేను ఇతన్నే చూశాను.

మొన్నామధ్య నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే సంగీతం టీచరమ్మ ఒక మాట చెప్పింది. ఆ గాయని రికార్డు మళ్ళీ తీశారట, పాతదాంట్లో లేని వయొలిన్ ముక్క ఏదో కొత్తగా కలిపారట. నా చేతిలో కత్తెర ఆగిపోయింది. మర్నాడే ఒకటి కొని తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాను. సెలవు రోజు కావడంతో బావ స్నేహితులిద్దరు కూడా ఉన్నారు, ఆ ముందు గదిలో నేల మీద కూర్చుని ఏదో అట్ట అంచు అరిగిందా చిరిగిందా అని తేల్చుకుంటున్నారు.

బావ నా చేతిలోంచి రికార్డు అందుకుని, చచ్చిన ఎలుక తోక పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. రీఇష్యూలు నా ముల్లు కింద పెట్టనని తెలుసు కదా మరదలా అన్నాడు. అప్పుడు అక్క గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఆ గదిలో ఆమె ఏదైనా కావాలని అడగడం నేను అదే మొదలు చూడటం.

“ఒక్కసారి పెట్టండి. మా నాన్న వాయించింది ఉందేమో వింటాను.”

“మీ నాన్న ఎక్కడినుంచి వస్తాడు? ఇప్పుడు ఎవరిచేతో వాయించి కలిపుంటారు. అమ్ముకోడానికి ఏమైనా చేస్తారు వీళ్ళు” అన్నాడు. స్నేహితులిద్దరూ నవ్వారు. అక్క అతని వేళ్ళలోంచి రికార్డు తీసుకుని నాకిచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

టీచరమ్మ దగ్గర పెట్టెలా మూత పడే చిన్న రికార్డు మిషను ఉంటే అడిగి తెచ్చాను. గుడ్డలు కత్తిరించే బల్ల మీద తుక్కంతా నెట్టేసి అక్కడే పెట్టాను. మధ్యాహ్నం బేరాలు లేని వేళ అక్క వచ్చింది. ఊరికే కూర్చోలేక నేను కుట్టిన చొక్కాకి బొత్తాలు కుట్టడం మొదలెట్టింది. రెండో వైపు పెట్టాను. ముందు ఏదో సన్నటి రొద. ఆ తర్వాత ఒక టిక్కు. కాసేపాగి దగ్గర దగ్గరగా రెండు. మళ్ళీ ఒకటి.

అక్క చేతిలో సూది ఆగిపోయింది. “ఇది అమ్మ చెయ్యే” అంది.

ఆ వెంటనే నాన్న మొదలెట్టాడు. ఎలా వాయించాడో చెప్పే సంగీతజ్ఞానం నాకు లేదు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా ఏడ్చాం, అంత మాత్రం తెలుసు. అది అయిపోయి గాయని గొంతు ఎత్తుకుంటుండగా బావ గోడ అవతల నుంచి లేచి మా గుమ్మంలోకి వచ్చాడు. అంతసేపు వయొలిన్ ఒరిజినల్‌లో లేదని మళ్ళీ అదే పాట ఎత్తుకున్నాడు.

“ఇది మనింటి ప్లేటేనండీ. మీరు కొసరుగా ఇచ్చేశారే, దాంట్లోంచే తీశారు” అంది అక్క, తల ఎత్తకుండా.

అతను నవ్వేసి వెళ్ళిపోయాడు గానీ ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. స్నేహితులు ఆరా తీసుకొచ్చారు. రీఇష్యూ చేసినాయన తెల్ల లేబుల్ ప్రతి ఒకటి పాత సామాన్ల కొట్టులో దొరికితే కొనుక్కున్నాడట. అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉంటాయట, ఒరిజినల్ ప్రెస్సింగుల కన్నా ముందువట, వాటి నంబర్ల పక్కన వేరే అక్షరం ఉండటమే గుర్తట. అంటే బావ ఏ అక్షరం చూసి నకిలీ అన్నాడో, ఆ అక్షరమే అది అన్నిటికన్నా అసలుదని చెబుతోంది. బావ తిండి మానేశాడు. పెళ్ళానికి ఏం చేశానా అని కాదు, అల్మరాకి ఎంత అన్యాయం జరిగిందా అని.

ఆ తర్వాతైనా సిగ్గుపడ్డాడా? రీఇష్యూ చేసినాయనకి ఉత్తరం రాశాడు. ఆ రికార్డు మా ఇంటిదనీ, నేనే భద్రపరిచాననీ, పొరపాటున చెయ్యి జారిందనీ. అవతలాయన మర్యాదస్తుడు. అది వయొలిన్ ఆయన కుటుంబానిదే అయితే తిరిగిచ్చెయ్యడం ధర్మం, నేనే తీసుకొస్తాను, వాళ్ళమ్మాయి గారు చూసి అవునంటే చాలు, మళ్ళీ అచ్చు వేసేటప్పుడు అట్ట మీద మీ పేరు కూడా వేస్తాను అని జవాబిచ్చాడు. రీఇష్యూని ముల్లుకి తగలనివ్వని మహానుభావుడు ఇప్పుడు రీఇష్యూ అట్ట మీద పేరు పడుతుందని వీధి వీధంతా టముకు వేసుకొచ్చాడు.

అక్కకి మాత్రం పాఠం చెప్పాడు. “అవును, మా ఇంటిదే అను చాలు. మిగతాది నేను చూసుకుంటా.” అక్క సరే అనలేదు, కాదనలేదు. నాకు లోపల పీకుతూనే ఉంది. ఆమె అవునంటే ప్లేటు ఇంటికొస్తుంది. ఏ ఇంటికి? ఆ ముందు గదికి. ప్లాస్టిక్ తొడుగు వేసి, ఇంకో తొడుగు వేసి, ఎవరూ ముట్టకుండా అల్మరాలో పైన పెడతాడు. నాన్నని రెండోసారి పాతిపెట్టినట్టే. కానీ ఆ ప్లేటు కోసమే కదా అక్క అమ్మతో అన్నేళ్ళు అబద్ధం ఆడింది. అది చేతికందుతుంటే వద్దనమని చెప్పడానికి నేనెవర్ని?

ఆయన వచ్చాడు. బక్కపల్చటి మనిషి, భుజాన గుడ్డసంచి. బావ ఉన్న ఒక్క కుర్చీ ఆయనకిచ్చి తను నిలబడ్డాడు. నేను గుమ్మంలో అక్క పక్కనే ఉన్నాను. ఆయన సంచిలోంచి ప్లేటు తీసి, ముందు ఒకసారి విందామా అని అడిగి తనే మిషను మీద పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. టిక్కులు వచ్చినప్పుడు మాత్రం తెరిచాడు.

“వీటిని తీసెయ్యొచ్చండీ. తీస్తే వయొలిన్ కూడా కాస్త పోతుందని ఉంచేశాను. ఎవరో గానీ సరిగ్గా ఈ చోటే మళ్ళీ మళ్ళీ ముల్లు పెట్టుకున్నారు. చాలా ఇష్టమై ఉండాలి” అన్నాడు మెల్లగా.

అక్క తల వంచుకుంది. నాన్న మొదలెట్టాడు. ఆ గదిలో ఆయన వాయింపు సాగడం అదే మొదటిసారి. ఇంకా సగం కూడా కాలేదు, బావ వెళ్ళి ముల్లు ఎత్తేశాడు. భూతద్దం కంటికి బిగించి, ప్లేటుని దీపం కింద అటూ ఇటూ తిప్పుతూ, ఇదేనండీ, ఈ అక్షరమే, నాకు బాగా గుర్తు అన్నాడు. వచ్చినాయన కుర్చీలోంచి లేచాడు. ప్లేటు అతని చేతిలోంచి జాగ్రత్తగా తీసుకుని అక్క వైపు తిరిగాడు. ఇది మీ ఇంటిదేనా అమ్మా అని అడిగాడు.

అక్క ప్లేటు వంక చూడలేదు. బావ కంటికున్న భూతద్దం వంక చూసింది.

“మాది కాదండీ. మా ఇంట్లో ఇలాంటిదే ఒకటి ఉండేది గానీ, అది నకిలీ. మా ఆయన ఈ భూతద్దంతోనే చూసి చెప్పారు. కాదు బాబూ అని మా అమ్మ ఎంత చెప్పినా వినలేదు, ఆయన చూపంటే అంత గురి. నకిలీది కాబట్టే కొసరుగా పడేసి వచ్చారు. కొసరు మీద పేర్లెవరు వేసుకుంటారండీ?”

బావ నోరు తెరిచాడు. కాదు, అది అసలుదే అంటే తను గుడ్డివాడు. అవును, నకిలీదే అంటే పేరూ లేదు, ప్లేటూ లేదు. మింగలేక కక్కలేక భూతద్దం తీసి జేబులో పెట్టుకున్నాడు. నేను ఎంత నీచంగా సంతోషించానో చెప్పుకోడానికి నాకేమీ సిగ్గు లేదు.

ఆయన అక్క వంకా బావ వంకా చూశాడు. అంతా అర్థమైనట్టే ఉంది. అయితే దీన్నేం చెయ్యమంటారమ్మా అని అక్కనే అడిగాడు.

“మీ దగ్గరే ఉంచండి. మీరైతే చివరిదాకా వింటారు” అంది. మళ్ళీ తనే, “ఎలాగూ వచ్చారు, ఆ వైపు మొత్తం పెట్టి వెళ్ళండి” అంది.

ఆయన ప్లేటు మళ్ళీ మిషను మీద పెట్టాడు. అమ్మ టిక్కులు వచ్చాయి, నాన్న వాయింపు వచ్చింది. అక్క వెళ్ళి రెండు కిటికీలూ తెరిచి, ఫ్యాన్ వేసి వచ్చి గది మధ్యలో నేల మీద కూర్చుంది. బావ పైకి ఫ్యాన్ వంక చూశాడు గానీ వచ్చిన మనిషి ముందు స్విచ్చు జోలికి పోలేదు. రికార్డు ఆ వైపు అయిపోయేదాకా ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.